గురువారం జామపండు

నా భార్య జాకెట్టు గుడ్డ ఆ కుక్క తలమీద ఎందుకుంది? ఆగు, ముందు ఇంకో ప్రశ్న ఉంది, ఆ కుక్క మా కుక్కేనా, మా జాగ్రత్తేనా, కాఫీ గింజ రంగు చెవులు, తెల్లటి మూతి, వీపు మీద ఎవరో ఫిల్టరు కాఫీ ఒలకబోసినట్టు ఆ మచ్చ, కత్తిరించిన మొండితోక, అది ఊగుతున్న తీరు, పిచ్చెక్కిన గడియారం ముల్లులా, అదే, అదే, నాలుగు నెలల కిందట గోడగోడకీ నేను అతికించిన ఫోటోలోది అదే, కానీ నా తలకాయ చూడండి, పోయిందనుకున్న ప్రాణం ముప్పై అడుగుల దూరంలో, మోటారు గది పక్కన, సత్తుగిన్నెలో మొహం పెట్టి అన్నం తింటుంటే నా కన్ను మాత్రం దాని చెవులు గిన్నెలో పడకుండా వెనక్కి పట్టి ఉంచిన ఆ పట్టీ దగ్గరే ఇరుక్కుపోయింది, నెమలికంఠం రంగు, దానిమీద తెల్లటి చిన్నచిన్న పువ్వులు. లేవాలి, జాగ్రత్తా అని ఈ జామతోట అదిరేలా ఒక్క కేక వెయ్యాలి, నా గొంతుకి మైకు అక్కర్లేదని ఊరంతా అంటుంది, మరి ఆ గొంతు ఏది? షామియానా కింద రెండొందల ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదాంట్లో నేను, మిగతావన్నీ నా వైపే చూస్తున్నాయి, ఏదీ ఓ జోకు చెప్పు వెంకటనారాయణా అని. ఆదివారం పొద్దున తొమ్మిది. కొత్తగూడ దాటాక మట్టిరోడ్డు మీద ఈ తోట, చెట్ల తలల మీంచి దూరంగా ఆ గుండ్రటి అద్దాల మేడ, రెండువేల సంవత్సరం వచ్చి కంప్యూటర్లకి మతిపోయేలోపు వాటికి మందు వేస్తున్న పిల్లలకి ఇవాళ ఇక్కడ పిక్నిక్, వాళ్లని నవ్వించడానికి నేను. కల్చరల్ కమిటీ అబ్బాయి సాయిచంద్ నన్ను కూర్చోబెట్టి, "బస్సులు ఇంకా మాదాపూర్ దాటలేదు సర్, రిలాక్స్ అవ్వండి, గంటలో మొదలెట్టేద్దాం" అని మోటారు సైకిలెక్కి పోయాడు. చేతిలో వాడిచ్చిన చీటీ, వరసగా ఐటమ్‌లు, మొట్టమొదటిదే కంప్యూటరు అక్షరాల్లో, 'సర్ ఫేమస్ తప్పిపోయిన కుక్క ఐటమ్'.

నెమలికంఠం. దసరాకి ముందు ఆదివారం, చందానగర్ బజారులో, రెండున్నర గంటలు, రోహిణి ఎనభై చీరలు తీయించి ఎనభయ్యొకటోది పట్టుకుంది, షాపువాడు ఇది నెమలికంఠం రంగు మేడమ్ అంటే, ధర విన్నాక నాదే నీలకంఠమైందయ్యా అన్నాను, దుకాణమంతా నవ్వింది, రోహిణి కూడా నవ్వింది, నవ్వుతూనే జాకెట్టు గుడ్డని వేళ్లతో నలిపి చూసింది, మెత్తగా ఉందా లేదా అని, చంకల్లో గుచ్చుకోకుండా అనుకున్నాను నేను, ఎవరి చెవులు ఒరుసుకోకుండానో నాకేం తెలుసు. జాగ్రత్త పోయింది శ్రావణంలో. శ్రావణంలో పోయిన కుక్క నెత్తిమీద ఆశ్వయుజంలో కొన్న గుడ్డ. ఉండు, తొందరపడకు, ఆ తాను ఎంత పొడుగుందో, ఈ ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లు కొన్నారో, నీ ఒక్కడి పెళ్లామే కొనిందా ఏమిటి, అని నన్ను నేను బుజ్జగించుకుంటుంటే ఆ కుక్క తల తిప్పింది, చెవి వెనక బొత్తం తళుక్కుమంది, పసుపుపచ్చ బాతుబొమ్మ బొత్తం. పింకీ మూడేళ్లప్పటి గౌనుది. ఇప్పుడు పింకీకి పద్నాలుగు. ఆ గౌను చిరిగిపోయాక నాలుగు బాతుల్నీ కత్తిరించి కుట్టుమిషను సొరుగులో పడేసింది రోహిణి, ఎందుకు దాస్తావే అంటే పనికొస్తాయండీ అంది. పనికొచ్చాయి. నా చెవిలో పువ్వు, దాని చెవికి పువ్వుల గుడ్డ. చూశారా, చచ్చేట్టున్నా నాలుక ఊరుకోదు, అదొక జబ్బు.

స్ప్రింగర్ స్పానియల్ అని చెప్పాడు బొల్లారంలో ఆ కర్నలు గారు, బదిలీ మీద పోతూ పిల్లని నా చేతుల్లో పెడుతూ, అసలు స్పెయిన్ దేశపు జాతట, స్పెయిన్‌లో మొదటి అక్షరం తీసేస్తే మిగిలేది పెయినే కదండీ అన్నాను, ఆయన నవ్వలేదు, మిలిటరీ మనిషి, "ఇది సోఫా మీది కుక్క కాదు, వేటకుక్క, పొదల్లోంచి పిట్టల్ని లేపడం దీని పని, పడ్డదాన్ని పంటిగాటు పడకుండా తెచ్చి చేతికివ్వడం దీని పని, రోజూ గంట పరిగెత్తించకపోతే దీనికి మనసు పాడవుతుంది" అన్నాడు, నేను విన్నాను, విని ఇంటికొచ్చి గేటుకి బోర్డు రాయించాను, 'కుక్క ఉన్నది, జాగ్రత్త'. లోకంలో అందరి బోర్డూ హెచ్చరిక, మాది పరిచయం, ఎందుకంటే దాని పేరే జాగ్రత్త. కొత్తగూడలో అప్పుడు మేమున్న కిరాయి ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆ బోర్డు చదివి లోపలికొచ్చి కుక్క పేరు విని పడీపడీ నవ్వేవాళ్లు. ఆడపిల్లకి ఆ పేరేమిటండీ అనేది రోహిణి. పొద్దున్నే ఐదింటికి లేచి, ఇంటి వెనక గుట్టల్లోకి తీసుకుపోయేది దాన్ని, నేను ముసుగులో, తలుపు చప్పుడు, గొలుసు చప్పుడు, తర్వాత ఎక్కడో దూరంగా కౌజుపిట్టల అరుపు, గంట తర్వాత మళ్లీ గొలుసు, చెప్పులకి బురద, కాఫీ వాసన, అప్పుడు నేను లేచేవాణ్ణి, కుక్కలు నిద్ర లేపుతాయంటారు, నన్ను కాఫీ లేపుతుంది అని రాశాను కాలమ్‌లో. ప్రతి శుక్రవారం కాలమ్. జాగ్రత్త లేని శుక్రవారం లేదు. అది నా చెప్పు తెచ్చేది, నోట్లో పెట్టుకుని, కుక్కకాటుకి చెప్పుదెబ్బ అంటారు, మాది చెప్పునే మెత్తగా కరిచిపట్టి తెచ్చి చేతికిచ్చేది, ఇచ్చి ఎదురుగా కూర్చునేది, కదలకుండా, నా మొహంలోకి చూస్తూ, ఐదు నిమిషాలైనా పది నిమిషాలైనా అలాగే, నేను వచ్చినవాళ్లతో అనేవాణ్ణి, చూశారా, తర్వాతి జోకు కోసం ఎదురుచూస్తోంది, నా అభిమాని. వాళ్లు నవ్వేవాళ్లు. అది చూస్తూనే ఉండేది. నేను మళ్లీ చెప్పు విసిరేవాణ్ణి. ఒక సాయంత్రం ఇరవైరెండుసార్లు తెచ్చింది, పింకీ లెక్కపెట్టింది.

తర్వాత ఆ గుట్టలకి డైనమైట్లు వచ్చాయి, ఇల్లుగలాయన ఇంటిజాగా అమ్మేసుకున్నాడు, హైటెక్‌లో హై వాళ్లకి, టెక్కు మాత్రం మనకి మిగిలింది అనుకుంటూ సామాను లారీకెక్కించి చందానగర్‌లో అపార్ట్‌మెంటుకి మారాం, మూడో అంతస్తు, రెండు గదులు, బాల్కనీ. బాల్కనీ గ్రిల్లుకి గొలుసు. రోహిణికి కింద కొళాయి క్యూ ఐదింటికే, నీళ్లు పట్టుకోకపోతే ఇల్లు గడవదు, నన్ను అడిగింది, "మీరు తీసుకెళ్లండి కాసేపు, పొద్దున్న ఒక్క గంట" అని, నేనేమన్నాను, కుక్కని వాకింగుకి తీసుకెళ్లేవాణ్ణి వాకింగు మనిషంటారు, నేను టాకింగు మనిషిని అన్నాను. పింకీ నవ్వింది. నవ్విందా? ఇప్పుడు ఆ మొహం గుర్తుచేసుకుంటే నవ్వినట్టు లేదు, నవ్వే చోట నవ్వే అలవాటు అంతే. వేసవిలో దాని చెవిలోకి గడ్డిముల్లు దిగింది, ఆ పొడుగు చెవుల కింద గాలాడదు, చీముపట్టింది, ఇల్లంతా వాసన, తల ఒంచేసుకుని గోడకి రాసుకునేది, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అంది రోహిణి, ఆరోజు రేడియోలో నా ప్రసంగం రికార్డింగు, దాని చెవికి ముల్లు, నా మాటకి ముళ్లు, ముందు ఏది తియ్యాలి అన్నాను, ఆమే ఆటో మాట్లాడుకుని పోయింది, ఒళ్లో కుక్కని పెట్టుకుని. వచ్చాక అంది, "దీన్ని ఎవరైనా తోటా దొడ్డీ ఉన్నవాళ్లకి ఇచ్చేద్దామండీ." నేను ఏదో అన్నాను. రెండోసారి అంది. ఏదో అన్నాను. మూడోసారి నా స్నేహితులుండగా అంది, అంటే పౌరుషానికైనా సరిగ్గా జవాబు చెబుతానని కాబోలు, దాన్ని ఇచ్చేస్తే నా కాలమ్‌కి కాలం చెల్లుతుందే అన్నాను, వాళ్లు బల్ల చరిచి నవ్వారు. ఆ తర్వాత ఆమె అడగలేదు. ఒప్పుకుంది అనుకున్నాను. అడగడం మానెయ్యడానికి ఒప్పుకోవడం కాక వేరే అర్థం ఉంటుందని ఇరవైయేళ్ల సంసారంలో నాకెవరూ చెప్పలేదు.

శ్రావణంలో కరీంనగర్‌లో హాస్యసభ, రెండు రోజులు, శాలువా, మెమెంటో, తిరిగొచ్చేసరికి బాల్కనీలో గొలుసు ఒక్కటే. కింద గేటు తీసి ఉంటే దూకి పోయిందండీ అంది రోహిణి, కళ్లు ఎర్రగా ఉన్నాయి, అవును, ఏడ్చినట్టే ఉన్నాయి, ఏడ్చే ఉంటుంది, అబద్ధానికి కన్నీళ్లు నిజమైనవే వాడొచ్చని నాకు తెలీదు. పింకీ అన్నం ముట్టలేదు. దాన్ని బండెక్కించుకుని టాంక్‌బండ్ తీసుకుపోయి ఐస్‌క్రీం తినిపించాను, బటర్‌స్కాచ్, వస్తుందిలే తల్లీ, కుక్కకి ఇల్లు తెలుసు, అన్నాను, అది ఐస్‌క్రీం లోకి చూస్తూ తలూపింది, నా కూతురు, నా ముక్కు, నా నోరు, నా దగ్గరే నేర్చుకుంది కాబోలు మొహం మార్చకుండా కబుర్లు చెప్పడం. ఫోటో తీసుకెళ్లి మూడొందల కాగితాలు అచ్చు వేయించాను, కనబడుటలేదు, పేరు జాగ్రత్త, చాలా స్నేహశీలి, నేను కాగితాలు పట్టుకుని కూర్చుంటే వంటింట్లో రోహిణి మైదా ఉడికించింది, గరిటెతో కలుపుతూ, ఉండలు కట్టకుండా, కాస్త మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదండీ నాలుగు రోజులు ఆగుతుంది అంది. పురుగు పట్టదు. బకెట్టు పట్టుకుని స్కూటరు వెనక కూర్చుంది. లింగంపల్లి, మియాపూర్, చందానగర్ గోడలన్నీ, నేను అతికిస్తుంటే ఆమె అరచేత్తో అంచులు సాపు చేసింది. పాత ఇంటికి వెళ్లిందేమో కొత్తగూడ పోదామా అన్నాను, కుక్కలు పాత చోటికి పోతాయంటారు, "అటు బాంబులు పెట్టి రాళ్లు పేలుస్తున్నారండీ, ఆ చప్పుడుకి అటుపక్కకి ఎందుకు పోతుంది" అంది. నిజమే అనుకున్నాను. జిగురు మైదా, మోసం ఆమెదా, ఛీ, ఇది కూడా వచ్చేసింది, ఊరుకో నోరా, ఈ ఒక్క గంట ఊరుకో. ఆ వారం కాలమ్ ఏడుస్తూ రాశాను, జనం చదివి పొట్టచెక్కలయ్యేలా నవ్వారట, అదే ఇప్పుడు నా ఫేమస్ ఐటమ్, ఎక్కడికెళ్లినా అదే అడుగుతారు, గోడమీద ఫోటో చూసి ఒకడు ఫోన్ చేసి మీ కుక్క ఇక్కడే ఉంది అంటే పరిగెత్తుకెళ్తే అది మేకపిల్ల, అక్కడ చప్పట్లు. అది కల్పన కాదు, నిజంగా వెళ్లాను, పటాన్‌చెరు దాకా, వానలో.

"ఏంది సారు, గట్ల జూస్తున్నవ్? కుక్కంటే భయమా? ఏమనది." మోటారు గది గుమ్మంలోంచి ఒకామె, చేతిలో చేట, మొహాన రూపాయంత బొట్టు. లచ్చమ్మట, తోట చూసుకునే కొమురయ్య పెళ్లాం, ఆమే చెప్పింది, అడక్కుండానే. నన్ను ఎరగదు. ఎలా ఎరుగుతుంది, కొత్తగూడలో నాలుగేళ్లుండి నేను ఈ మట్టిరోడ్డు మొహం చూశానా. మీ కుక్కేనా అన్నాను. "గిప్పుడైతె మాదే అనుకోర్రి. చందానగర్ అమ్మ ఇడిసిపెట్టింది. గా చెవుల పట్టీ గూడ ఆమెనే కుట్టి తెచ్చింది, మంచిగుంది గదా? ప్రతి బేస్తారం వస్తది సారు. చెవులు తుడుస్తది, ముండ్లు ఏరుతది, ఇగ ఒళ్ల తల వెట్టుకొని కూసుంటది గంటసేపు. సెలవుంటె బిడ్డ గూడ వస్తది." బేస్తారం. గురువారం. ఇంట్లోనే పెంచుకోవచ్చు కదమ్మా మరి, అన్నాను. "మూడో అంతస్తుల ఎట్ల పెంచుతరు? తెచ్చిననాడు జూడాలె మీరు, గొలుసు ఒరుసుకొని మెడకాడ బొచ్చు లేదు. మొగడు ఇయ్యనియ్యడంట. ఆయనకు ఎర్కలేదు ఇది ఈడున్నదని." చెడ్డవాడా, అన్నాను. చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టాను. "చెడ్డోడు గాదంట సారు. తాగడు, కొట్టడు. ఉత్త మాటలోడంట. ఒక్క పని జెప్తె పది జోకులు జెప్తడంట. నేనన్న, ఏందమ్మా గంత జంకుతవు, అడిగెయ్యి, కొట్లాడు అని. కొట్టెటోనితోని కొట్లాడొచ్చు లచ్చమ్మా, నవ్విచ్చెటోనితోని ఎట్ల కొట్లాడ్త అన్నది." అని చేటలో రాళ్లు ఏరుకుంటూ, "గంతే మరి, పాపం," అంది, ఎవర్ని పాపం అందో తెలీలేదు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మీరు వంటోల్ల మనిషా సారు?" అంది. ఆఁ, అన్నాను.

బేస్తారం బేస్తారం. సాయిబాబా గుడికి. పసుపు చీరతో, భుజాన గుడ్డసంచితో, నాలుగింటికి బయల్దేరి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుతుంది, రోహిణికి భక్తి ముదిరింది, నాకు భుక్తి ముదిరింది అనేవాణ్ణి, రాగానే ప్రసాదం, ఒక జామపండు, నా చేతిలో పెడుతుంది, నేను కళ్లకద్దుకుంటాను. కళ్లకద్దుకునేవాణ్ణి! దేవుడి ముందు మాత్రం నేను జోకులు వెయ్యను, అదొక్కటే నా నియమం, కళ్లు మూసుకుని, నా జాగ్రత్తని క్షేమంగా ఉంచు తండ్రీ అని, ప్రతివారం అదే మొక్కు, ఆ తర్వాతే కొరికేవాణ్ణి. పండుకి అటూ ఇటూ చిన్న నొక్కులుండేవి, నాలుగైదు, తోలు తెగకుండా, ఇదేమిటే అంటే, "చిలక కొట్టిందేమోనండీ, గుడి వెనక చెట్టు, చిలక కొట్టింది తియ్యగా ఉంటుంది కదా" అంది, పాలు తాగుతున్న పింకీకి పొలమారింది, నెత్తిన కొట్టాను మెల్లగా, చిరంజీవ అని. చిలక కొడితే తోలు లేస్తుంది, గుజ్జు కనిపిస్తుంది, ఆమాత్రం తెలీదూ నాకు, తెలుసు, కానీ ఎవరు చూశారు పండు, నేను చూసేది చిలకమీద ఏం చమత్కారం చెయ్యొచ్చునా అని. లచ్చమ్మ ఏదో చెబుతూనే ఉంది, "కింద రాలిన పండ్లన్ని ఇదే ఏరుకొస్తది సారు, ఒక్క గాటు పడనియ్యదు, జర నొక్కు పడ్తదంతె. అమ్మ పోయెటప్పుడు ఉరికిపోయి ఒకటి తెచ్చి చేతుల వెడ్తది. అమ్మ గది సంచిల ఏస్కొని పోతది, ఇంట్ల ఎవలకో ఇస్తదంట." నా నాలుక మీద పదిహేను పదహారు వారాల తీపి ఉంది. కూతురికి తెలుసు, పెళ్లానికి తెలుసు, ఈ లచ్చమ్మకి తెలుసు, దేవుడికి ఎలాగూ తెలుసు, ఆఖరికి కుక్కకి తెలుసు, పండు ఎవరింటికి పోతోందో దాని ముక్కు చెప్పకుండా ఉంటుందా, ఆ సంచికి నా వాసన లేదూ, ఆ సంచి నా పాత లుంగీతో కుట్టిందే. అందరూ కలిసి ఒకణ్ణి బయట నిలబెట్టి తలుపేసుకున్నారు. నేనొక్కణ్ణే ఊరూరా తిరిగి ఏడుపుని అమ్ముకుంటున్నాను.

తీసుకుపోతాను. ఇప్పుడే. స్కూటరు గేటు దగ్గరుంది, ముందు కాళ్ల దగ్గర నిలబెట్టుకుని తీసుకుపోతాను, మూడో అంతస్తు, బెల్లు కొట్టి, తలుపు తీసిన రోహిణి ముందు పెట్టి, ఇదిగో గురువారం ప్రసాదం ఆదివారమే వచ్చింది అంటాను, ఆమె మొహం ఎలా పాలిపోతుందో చూస్తాను, చూడాలి, నాకు ఆ హక్కుంది, మైదా ఉడికించిన గరిటె ఎక్కడే అని అడుగుతాను. లేచాను కూడా. అప్పుడే తోట లోపలినుంచి ఈల, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని వేసిన ఈల, అది గిన్నె వదిలేసి, లచ్చమ్మ పట్టీ ఊడదీస్తున్నంతసేపు వణికిపోయి, బొత్తం ఊడగానే పోయింది. పోయింది అంటే, ఎలా చెప్పను, నేల దాన్ని విసిరేసినట్టు. చెట్ల వరసల మధ్య అటు కొసదాకా, ఇటు కొసదాకా, ముక్కు నేలకానించి, ఆ చెవులు రెండూ గాల్లో పరిచిన రెక్కల్లాగా, ఒక పొద ముందు బిగుసుకుని ఒక్క గెంతు, కొమ్మలకి వేలాడుతున్న చిలకలన్నీ ఒక్కసారి పచ్చగా లేచి అరుచుకుంటూ ఆకాశమంతా, అది వాటి వంక చూడనైనా చూడదు, అప్పటికే పక్క వరసలో ఉంది. అవతల ముసలాయన, కొమురయ్య కాబోలు, చెయ్యి ఎటు ఊపితే అటు. నాలుగేళ్లు మా ఇంట్లో ఉంది. నాలుగేళ్లలో అది పరిగెత్తడం నేను చూడలేదు. చెప్పు దాకా పరుగు చూశాను, హాల్లో, పదకొండడుగులు. దాని మీద నూటఎనభై కాలమ్‌లు రాసినవాణ్ణి నేను. సరే, ఒప్పుకుంటాను, ఇచ్చెయ్యడం తప్పు కాదు, పోనీ తోటకే ఇచ్చింది, పోనీ మంచి తోటకే ఇచ్చింది, చెప్పాలి కదా, మొగుణ్ణి కదా, ఒక్క మాట, ఏమండీ దీన్ని ఫలానా చోట వదిలాను, మీకు కోపమొస్తే రండి అని ఒక్క మాట. చెబితే ఏమనేవాణ్ణి? ఏమనేవాణ్ణో నాకు వినబడుతోంది. ఆ చమత్కారం కూడా సిద్ధంగా ఉంది, నాలుక చివర, మంచిదే, జనం నవ్వుతారు. అయినా సరే. మూడొందల కాగితాలు, ఆమె అరచేత్తో సాపు చేసిన ఆ అంచులు, ఒక్కో గోడ దగ్గర ఒక్కో అంచు. అది క్షమించను. ఇక్కడ నిలబడి చెబుతున్నాను, క్షమించను.

జాగ్రత్తా. గట్టిగా కాదు, ఎవరికీ వినబడకూడదన్నట్టు, ఒంట్లో గాలి పోయినట్టు అన్నాను. ఎంత దూరంలో ఉందో, ఆ చెవులకి ఎలా చేరిందో, లేకపోతే గాలి మళ్లి నా వాసన మోసిందో, వరస మధ్యలో ఆగిపోయింది, తల ఎత్తింది, ముక్కు అటూ ఇటూ, తర్వాత తిన్నగా నా వైపు. మీద దూకుతుందనుకున్నాను, మొహమంతా నాకుతుందనుకున్నాను, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదకూడదంటారు, దీనికి పట్టుకోడానికి తోకైనా లేదు, అయినా ఈదడానికి సిద్ధపడి మోకాళ్ల మీద కూలబడ్డాను, లాల్చీ ఇస్త్రీ పోతే పోయింది. సగం దూరంలో అది ఆగింది. ఒక చెట్టుకిందికి వెళ్లి, వెతికి, ఒకటి వదిలేసి ఇంకోటి ఎంచుకుని, మెల్లగా నోట కరుచుకుని వచ్చింది. నా చెయ్యి చాపాను. పండు చేతిలో పెట్టింది, వెచ్చగా, తడిగా, నాలుగు నొక్కులతో. పెట్టి ఎదురుగా కూర్చుంది. కదలకుండా నా మొహంలోకి చూస్తూ. మెడ చుట్టూ బొచ్చు తిరిగి మొలిచింది, చెయ్యి వేశాను, లోపల గుండె గబగబా కొట్టుకుంటోంది, నా కోసం అనుకున్నాను. తోట లోపలినుంచి ఈల వచ్చింది. అది కదలలేదు. చూశావా లచ్చమ్మా, ఎవరి కుక్కో చూశావా, అని గొంతు దాకా వచ్చింది, ఈల మళ్లీ వచ్చింది, దాని ఒళ్లంతా జలదరించింది, వెనక కాళ్లు వణుకుతున్నాయి, కానీ కూర్చునే ఉంది, కళ్లు నా మీదే. కొమురయ్య చెట్ల మధ్యనించి నడిచొచ్చాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "పో అనుర్రి సారు. తెచ్చి చేతికిచ్చినంక పో అనాలె. అనకపోతె పొద్దుమూకిందాక గట్లనే కూసుంటది. గుట్టలకాడనే అమ్మ నేర్పింది దానికి."

ఇరవైరెండుసార్లు. చెప్పు తెచ్చి ఎదురుగా కూర్చుని, అందరూ నవ్వుతుంటే, నా మొహంలోకి. రోజూ. నాలుగేళ్లు. పో అంటాడేమోనని.

గేటు బయట హారన్లు, బస్సులొచ్చినట్టున్నాయి, కుర్రాళ్ల కేకలు, ఎవరో మైకు తట్టి హలో హలో చెక్ చెక్ అంటున్నారు. నా చెయ్యి ఇంకా దాని మెడ మీదే ఉంది. స్కూటరు అక్కడే ఉంది. ఇన్ని మాటలున్న నోట్లో ఆ ఒక్క మాట వెతుక్కుంటున్నాను, ఎక్కడ పెట్టానో, అది మాత్రం ఓపిగ్గా చూస్తోంది, అలవాటే దానికి.

"పో," అన్నాను.

వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తుంది.

"సర్! సారీ సర్, లేటయిపోయింది," సాయిచంద్ రొప్పుకుంటూ వచ్చి నా మోకాళ్లకంటిన మట్టి చూసి ఏమనాలో తోచక నవ్వాడు, "అందరూ మీ కుక్క ఐటమ్ అంటూ అరుస్తున్నారు సర్, దాంతోనే స్టార్ట్ చేసేద్దాం. అవునూ, నిజంగా అడుగుతున్నా సర్, చివరికి ఆ కుక్క దొరికిందా?"

తోట చివర్లో చిలకలు మళ్లీ లేచాయి. జామపండుని జేబులో పెట్టుకున్నాను, లాల్చీ ఒకపక్కకి బరువుగా దిగింది, నడుస్తుంటే తొడకి తగులుతోంది.

"లేదు బాబూ, దొరకలేదు," అన్నాను.